పాత డిస్కు వైరు

అట్టపెట్టెల ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్ చేసినప్పుడు డిస్కుల డాక్టరు తన కొట్లో ఒక చచ్చిన కంప్యూటరు డిస్కును చెవికి ఆనించుకుని వింటున్నాడు. లోపల రేకు తిరుగుతోందా, ముల్లు కొట్టుకుంటోందా అన్నది చెవితోనే పసిగట్టేవాడు. అది చూసే వీధివాళ్ళు వేళాకోళానికి ఆ పేరు పెట్టారు. పెట్టినవాళ్ళు మరిచిపోయినా పేరు మాత్రం కొట్టు బోర్డుమీదికెక్కి కూర్చుంది. అతనికీ కోపం లేదు. మనుషుల డాక్టర్లకేం, రోగి నోరు తెరిచి చెబుతాడు, నా రోగులు చెప్పరు కాబట్టి నాదే అసలు వైద్యమని గొప్పలు పోయేవాడు.

"మీరొకసారి రావాలి" అన్నాడు మేనేజరు. "కెమెరాల రికార్డరు నిండిపోయిందట. పాతవాటిమీదే మళ్ళీ రాసేస్తుందట కదా? ఉన్నవి చెరిగిపోకుండా ఇంకో డిస్కు తగిలించి వెళ్ళండి. లేబర్ ఆఫీసరు మరీ మరీ చెప్పాడు."

"అంత అవసరమైనవేం ఉన్నాయండీ అందులో?"

"రోలరు మెషీన్లో ఒకడి చెయ్యి పోయింది. తప్పు వాడిదే. వాడి పెళ్ళాం మాత్రం కాదని కూర్చుంది. ఆఫీసరు వచ్చి చూసేదాకా రికార్డు ఉండాలి. వెనక్కి తిప్పి చూడటం ఇక్కడెవరికీ రాదు."

ఫ్యాక్టరీలోకి అడుగుపెట్టగానే జిగురు వాసన గుప్పున కొట్టింది. నిలువెత్తు కాగితం చుట్టలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఆ రోలరు మెషీను చుట్టూ తాడు కట్టారు. పనివాళ్ళు దాని పక్కనుంచి పోవాల్సి వస్తే గోడవైపు ఒదిగి పోతున్నారు. స్విచ్చు పెట్టె మీద కొక్కేనికి ఎర్రబిళ్ళ ఒకటి వేలాడుతోంది.

"ఇదిగో, ఇదీ సంగతి" అని మేనేజరు ఆ బిళ్ళను వేలితో ఊపాడు. "అట్ట ఇరుక్కుంటే ముందు స్విచ్చు ఆపాలి. ఈ బిళ్ళ స్విచ్చుకి తగిలించాలి, అవతలివాడెవడూ వెయ్యకుండా. ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. ఆపాడో లేదో దేవుడికెరుక. బిళ్ళ మాత్రం కొక్కేనికే ఉంది."

"అతనేమంటున్నాడు?"

"ఆ నిమిషం గుర్తు లేదట. మరిచిపోయే మనిషిని కానని మాత్రం బాగా గుర్తుందట!" మేనేజరు తన మాటకు తనే నవ్వుకున్నాడు. "తప్పు నాదే అని ఒక్కమాట అనరా, గేటు దగ్గర కాపలాకి కుర్చీ వేసి కూర్చోబెడతాం అన్నాం. అనడు. రికార్డులో వాడు స్విచ్చు ఆపినట్టు కనబడిందా, ఇక వాడి జన్మంతా మా నెత్తిమీదే. కనబడలేదా, గొడవ వదిలింది. ఏదో ఒకటి తేలిపోతుంది."

రికార్డరు బిల్లుల గదిలో ఉంది. గోడకు ఎత్తుగా బిగించిన ఇనప బీరువాలో పెట్టారు, ఎవరూ ముట్టుకోకుండా. డాక్టరు స్టూలెక్కి మూత విప్పాడు. లోపల బొంత మందాన దుమ్ము. ఊదితే కళ్ళలో పడింది. ఒక పక్క పాత డిస్కు నులివెచ్చగా ఉంది, దాని పక్కన ఖాళీ చోటు. స్క్రూలు పెదాల మధ్య పట్టుకుని, కొత్త డిస్కును ఎడమచేత్తో ఆ ఖాళీలో ఆనించి, ఒక్కొక్క స్క్రూనే వేళ్ళతో తడుముతూ బిగించాడు.

ఈ పనిలో అతనికో నియమం ఉంది. కొత్తదాన్ని సిద్ధం చేసేముందు పాతదాని వైరు పీకి పక్కన పెట్టాలి. పాతదాంట్లో ఉన్నది ఒకరి సొత్తు, కొత్తదాంట్లో ఉన్నది గాలి, రెండూ ఒకచోట పెట్టుకుని బటన్లు నొక్కకండ్రా అని పని నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళకల్లా చెవినిల్లు కట్టుకుని చెప్పేవాడు. ఆ మాట అతని గొంతుతో అనుకరించి నవ్వుకోవడం వీధిలో ఒక ఆట.

ఆ వేళ కూడా పాత వైరు పట్టుకుని లాగాడు. ఏళ్ళ తరబడి వేడికి దాని కొస బిగుసుకుపోయి ఉంది. రాలేదు. గట్టిగా లాగితే విరిగేలా ఉంది. చేతులు పైకెత్తి ఉంచీ ఉంచీ భుజాలు లాగేస్తున్నాయి.

"అయిందా?" కింద నుంచి మేనేజరు. "వాడి పెళ్ళాం వచ్చి బయట కూర్చుంది. చూపించందే కదలనంటోంది."

"ఆఁ, అయిపోయింది, అయిపోయింది" అన్నాడు డాక్టరు. వైరు వదిలేశాడు.

రికార్డరు వెలిగింది. తెరమీద రెండు డిస్కుల వరసలు వచ్చాయి. ఏది సిద్ధం చెయ్యమంటావు అని అడిగింది. వాటి పైన 'అన్నీ' అనే గడి. కొత్త రికార్డరు పెట్టిన ప్రతిచోటా అతను నొక్కేది ఆ గడినే. వేలు దాని దారిన అది వెళ్ళి నొక్కింది. ఖాయమేనా అని అడిగితే, ఎప్పుడూ చదవకుండా నొక్కేసినట్టే ఖాయమని నొక్కింది. తెరమీద గీత ఒకటి పాకడం మొదలుపెట్టింది. దాని కిందే ఇంకొకటి.

గీతలు రెండు. అంటే పాత డిస్కు కూడా చెరిగిపోతోంది. వైరు మీదికి చెయ్యి పోయేలోపే పని పూర్తయిందని తెరమీద అక్షరాలు పడ్డాయి.

*

ఆవిడ లోపలికొచ్చి గుమ్మం పక్కనే నిలబడింది. ఆ చేతిలో మందుల సంచి, ఈ చేతిలో చెప్పులు. చెప్పులు బయట విప్పితే ఎవరైనా పట్టుకుపోతారనో, విప్పకుండా వస్తే ఏమనుకుంటారనో తెలియక చేతిలో పట్టుకుంది.

"చూపిస్తారా అన్నయ్యగారూ?"

డాక్టరు స్టూలు మీదే ఉన్నాడు. నోట్లో ఒక స్క్రూ మిగిలిపోయింది. దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. ఆ కాస్త వ్యవధిలో నిజం చెబుదామనే అనుకున్నాడు. మాట నోటిదాకా వచ్చింది కూడా. అయితే మేనేజరు చూస్తున్నాడు, ఆవిడ చూస్తోంది, కింద నుంచి రెండు మొహాలూ తన వంకే ఎత్తి ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కరి డిస్కూ చెడగొట్టని చెయ్యి ఇది. ఆ చేతికి వచ్చిన పేరు అడ్డం పడింది.

"పాత డిస్కు ఎప్పుడో పోయిందమ్మా" అన్నాడు. "ఇందులో ఏమీ రికార్డు కాలేదు."

"అదేంటి, తెరమీద రోజూ బొమ్మలు కనబడుతున్నాయిగా?" అన్నాడు మేనేజరు.

"కనబడటం వేరు, దాచుకోవడం వేరు సార్. కెమెరా బాగానే ఉంటుంది. దాచే చోటే పాడయింది. ఇప్పుడు కొత్తది పెట్టాను, ఇక్కణ్ణుంచి దాస్తుంది." అబద్ధం ఇంత తీరుగా, అతుకులు కనబడకుండా వస్తుందని అతనికే తెలియదు.

ఆవిడ మేనేజరు వంక చూడలేదు. "ఈయన ఏం చెప్పినా నేను నమ్మనండీ. మీరు బయటి మనిషి. నాతో అబద్ధం చెప్పాల్సిన పని మీకేముంది? మీరు లేదంటే లేదనే అనుకుంటాను. నిజంగానే లేదా?"

"లేదమ్మా."

"ఇంట్లో గ్యాసు కట్టేశాక మళ్ళీ ఓసారి వెళ్ళి చూసొచ్చే మనిషండీ ఆయన. అందుకని అడిగాను." చెప్పులు చంకలో పెట్టుకుని రెండు చేతులూ జోడించింది. "మీకు శ్రమ ఇచ్చాను" అని వెళ్ళిపోయింది.

మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. "సరే, ఇక దీన్ని ముట్టుకోవద్దు. ఉన్నదున్నట్టు ఆఫీసరుకి చూపిస్తాం. పాత డిస్కూ అందులోనే ఉండనివ్వండి, మేమే తీసేశామంటారు రేపు" అని బీరువాకు తాళం వేశాడు.

జాలీ తలుపు వెనక రికార్డరు ఎర్రదీపం ఆరుతూ వెలుగుతోంది. దాని అర్థం ఆ గదిలో ఒక్కడికే తెలుసు. అలా చెరిపినప్పుడు డిస్కులో దాచినవన్నీ పోవు. ఏది ఎక్కడుందో చెప్పే పట్టీ మాత్రమే పోతుంది. సామాను సామానుగానే ఉంటుంది, ఎవరూ దానిమీద ఇంకొకటి తెచ్చి పడెయ్యనంతవరకూ. ఆ దీపం వెలుగుతున్నంతసేపూ రికార్డరు చేస్తున్నది ఆ పనే. ఇప్పుడే ఆపితే అంతా దొరుకుతుంది. ఎందుకు ఆపాలో చెప్పాలంటే మాత్రం ఇందాకటి మాట మింగాలి. డాక్టరు స్టూలు దిగి, దాన్ని తీసుకెళ్ళి గోడ వారగా పెట్టాడు.

*

"ఏంటండీ, డిస్కు పోయినవాళ్ళ మొహం పెట్టారు?" అంది ఇంట్లో భార్య. కొట్టుకొచ్చేవాళ్ళ మొహాలు చూసి చూసి ఆవిడకు అదొక ఊతపదమైంది.

అతను చెప్పాడు. ఆవిడ బట్టలు మడత పెడుతూనే విన్నది.

"కావాలని చేశారా?"

"లేదు."

"మరింకేం? కావాలని చేసినవాళ్ళు గురక పెట్టి నిద్రపోతున్నారు లోకంలో. మీరెందుకు ఇలా గోళ్ళు కొరుక్కుంటారు?" గొంతు తగ్గించి అడిగింది. "ఎవరికైనా తెలిసే దారి ఉందా?"

అదీ అసలు ప్రశ్న. లేదన్నాడు. ఆవిడ మడత పెట్టిన చొక్కాను మళ్ళీ విదిలించి మడత పెట్టింది.

పొద్దున్నే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మేనేజరు కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. అంతకుముందెన్నడూ అతన్ని కూర్చోమన్నవాళ్ళు లేరక్కడ. పాత డిస్కు ఇస్తే కంపెనీకి పంపి కొత్తది రాబట్టుకుంటానని డాక్టరు నసిగాడు.

"ఆఫీసరు వచ్చి వెళ్ళనీండి, ఇస్తా. తొందరేముంది?" మేనేజరు టీ గ్లాసు ముందుకు జరిపాడు. "మా గోడౌన్లు, ఈ ఫ్యాక్టరీ, అన్ని కెమెరాల పనీ ఇకమీదట మీకే ఇమ్మని పైవాళ్ళతో చెప్పాను. మీలాంటివాడు దొరకడం కష్టం." అని ఒక కన్ను కొంచెం చిన్నది చేశాడు. "ఎలా చేశారో అడగను. అడిగితే బాగుండదు."

డాక్టరుకు అర్థం కావడానికి కాస్త టైము పట్టింది. అర్థమయ్యాక చెంప చెళ్ళుమన్నట్టయింది. తను వాళ్ళ కోసమే కావాలని చెరిపాడనుకుంటున్నాడు ఈ మనిషి. కాదు, అది పొరపాటు అని అరవబోయాడు. పొరపాటని చెప్పడానికే కదా నిన్న నోరు రానిది. టీ చల్లారిపోతోందని మేనేజరు గుర్తుచేస్తే గ్లాసెత్తి తాగాడు.

ఆఫీసరు ఆ వేళ రాలేదు, మర్నాడూ రాలేదు. వచ్చిన రోజున డాక్టరును పిలిపించి అడిగాడు. పాత డిస్కు ఎప్పుడో పోయిందని రెండోసారి చెప్పాడు డాక్టరు. మొదటిసారి కన్నా తేలిగ్గా వచ్చింది మాట. ఆఫీసరు తలూపి, జీపెక్కి వెళ్ళిపోయాడు. మేనేజరు బీరువా తాళం తీసి, "పట్టుకెళ్ళండి మీ శవాన్ని" అన్నాడు. ఈసారి డాక్టరు వైరు మీద జాలి చూపించలేదు. పటుక్కుమని కొస విరిగి చేతికొచ్చింది.

*

మిట్టమధ్యాహ్నం కొట్టు షట్టరు సగానికి దించి పనిలో కూర్చున్నాడు. ముందు ఆ డిస్కును ఉన్నదున్నట్టు ఇంకోదానిలోకి నకలు తీశాడు. ఈసారి ఏది ఎటో వేలు పెట్టి చూసుకుని, పెదవులు కదుపుతూ పైకి చదువుకుని మరీ నొక్కాడు. నకలు పూర్తయ్యాక, పట్టీ పోయిన సామానును ముక్కముక్కగా ఏరి వరసలో పేర్చే ప్రోగ్రాము పెట్టాడు. ముక్కలు రావడం మొదలైంది. గేటు దగ్గర లారీ. ఎవరో తుమ్ముతున్నారు. కాగితం చుట్ట దొర్లుతోంది. అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు. ఉన్నాయి, పోలేదు.

రోలరు మెషీను కెమెరా ఏదో పట్టుకున్నాక, ఆ మనిషిని కూడా పట్టుకున్నాడు. బక్కపలచటి మనిషి, చొక్కా చేతులు మోచేతి పైకి మడిచి ఉంటాయి. అట్ట ఇరుక్కుంటుంది. అతను స్విచ్చు దగ్గరికి నడిచి ఆపుతాడు. కొక్కెం మీద బిళ్ళ తీసి స్విచ్చుకి తగిలిస్తాడు. తగిలించి ఊరుకోడు, ఒకసారి కిందికి లాగి చూస్తాడు. అప్పుడు వెనక్కొచ్చి చెయ్యి పెడతాడు. ఇంకో రోజు ముక్క తీశాడు. అదే నడక, అదే లాగి చూడటం. ఎన్ని రోజులు తిప్పినా అంతే. వెనక నుంచి ఎవరో చేతులూపి తొందరపెడుతున్న రోజున కూడా బిళ్ళ లాగి చూడటం మానలేదు. ఆవిడ చెప్పింది నిజమేనని డాక్టరుకు ఏడుపొచ్చినంత పనయింది.

ప్రమాదం జరిగిన రోజు కోసం వెతికాడు. ముందు రోజు సాయంత్రం ఉంది. ఆ రోజు మధ్యాహ్నం, తాడు కడుతున్న మనుషులు, అదీ ఉంది. మధ్యలో పొద్దుటి పూట లేదు. నకలు మళ్ళీ మొదటినుంచీ గాలించాడు. అప్పటికి గానీ బుర్రకెక్కలేదు. డిస్కు నిండగానే రికార్డరు మళ్ళీ మొదటి గడికొచ్చి రాయడం మొదలుపెడుతుంది. ప్రమాదం రోజున అది మొదటికొచ్చింది. తను చెరిపాక కూడా మొదటి గడి నుంచే మొదలుపెట్టి, ఆ పొద్దుటిపూట మేర రాశాకే కొత్త డిస్కుకు మారింది. ఆ పొద్దుటిపూట ఎక్కడుండాలో అక్కడ ఏముందో తెరిచాడు.

బిల్లుల గది ఉంది. ఆ గదిలోనూ ఒక కెమెరా ఉందని అతనే మరిచిపోయాడు. స్టూలు మీద తను. గుమ్మం దగ్గర చెప్పులు పట్టుకుని ఆవిడ. మాటలు వినబడవు. తన నోరు కదులుతోంది. ఆవిడ చెప్పులు చంకలో పెట్టుకుని చేతులు జోడించింది. తను తలూపాడు. డాక్టరు తెర ఆపేసి, ఆ చీకటి అద్దంలో తన మొహమే కనబడుతుంటే కుర్చీ పక్కకు తిప్పుకున్నాడు.

ఆఫీసరు దగ్గరికి పరుగెత్తాడు. ఆయన చివరిదాకా విని, "మొన్న ఒకమాట చెప్పి, ఇప్పుడు ఇంకో మాటా? ఆవిడ వచ్చి కాళ్ళమీద పడిందా, ఏమన్నా ముట్టజెప్పిందా?" అన్నాడు. డాక్టరు నోరు తెరవబోతే, "పోనీ, ఆ నిమిషం ఉందా నీ దగ్గర?" అని అడిగాడు.

"లేదండీ."

"లేనిదాని గురించి చెప్పడానికా ఇంత దూరం వచ్చావు?"

*

ఆవిడా మొగుడూ ఉండేది మేడమీద ఒక్క గది. ఆవిడ మంచం పక్కన కింద కూర్చుని మొగుడి చొక్కాల గుండీలు కోసేసి, నొక్కితే అంటుకునే గుండీలు కుడుతోంది. అతను గోడకు ఆనుకుని మంచం మీద ఉన్నాడు. కుడి చెయ్యి మణికట్టు దగ్గరే కట్టుతో ఆగిపోయింది. డాక్టరును చూసి ఆవిడ లేచి కుర్చీమీది బట్టలు తీసింది.

"కూర్చోండి అన్నయ్యగారూ. ఈయనేనండీ నేను చెప్పింది, రికార్డరు బాగుచేసే ఆయన."

డాక్టరు కూర్చోలేదు. నిలబడే, అంతా చెప్పాడు. డిస్కు పోలేదని, తనే చెరిపానని, ఆ పైన ఆవిడ మొహం మీదే అబద్ధమాడానని. ఆవిడ చేతిలో సూది ఆగిపోయింది. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆవిడ తల దించుకునే ఉంది.

"మిగతా రోజులన్నీ చూశానన్నా" అన్నాడు డాక్టరు ఆ మనిషి వైపు తిరిగి. "ప్రతిరోజూ స్విచ్చు ఆపావు. బిళ్ళ తగిలించావు. లాగి కూడా చూశావు. నువ్వు మరిచిపోయే మనిషివి కావు. ఆ సంగతి నీకు చెప్పాలనే వచ్చాను."

ఆవిడ తలెత్తింది. "విన్నారా? నేను మొదట్నుంచీ అదే కదా మొత్తుకుంటున్నది!"

ఆ మనిషి మాత్రం వేరే ఏదో ఆలోచిస్తున్నాడు. "చెరిగిపోవడం ఎలా జరిగింది?" అని అడిగాడు, ఒక పనివాడు ఇంకో పనివాణ్ణి అడిగినట్టు. "దానికి జాగ్రత్త ఏమీ ఉండదా?"

"ఉంటుంది. పాతదాని వైరు పీకి, అప్పుడు చెయ్యి పెట్టాలి."

"పీకలేదా?"

"లాగాను. బిగుసుకుపోయింది. కింద మేనేజరు తొందరపెడుతున్నాడు. వదిలేశాను."

"రోజూ పీకుతావా?"

"రోజూ. నా దగ్గర పని నేర్చుకున్న అందరికీ నేర్పాను కూడా."

ఆ మనిషి గోడకు తల ఆనించాడు. అతని మొహంలో ఇన్నాళ్ళూ బిగపట్టుకున్నదేదో సడలిపోతున్నట్టు కనబడింది డాక్టరుకు. అది తేలికపడటం అనుకుని పొరబడ్డాడు.

"మా దగ్గరా అంతే" అన్నాడు ఆ మనిషి. "అట్ట ఇరుక్కుంటే వెనక అంతా ఆగిపోతుంది. అందరూ అరుస్తారు. నేను రోజూ బిళ్ళ పెట్టేవాణ్ణే కదా, ఆ ఒక్కరోజూ ఎందుకు పెట్టనూ అని ఇన్నాళ్ళూ పట్టుదలగా ఉన్నాను. రోజూ చేసేవాడి చెయ్యి తప్పదనుకున్నాను. నువ్వు పీకలేదు చూడు." కట్టు ఉన్న చెయ్యి ఒళ్ళో సర్దుకున్నాడు. "నేనూ పెట్టి ఉండను."

"అలా కాదన్నా! నేను అందుకోసం చెప్పలేదు" అన్నాడు డాక్టరు. "నువ్వు ఆపే ఉంటావు. ఎవరో వేసి ఉంటారు."

"నువ్వు చూశావా?"

చూశానని అంటే ఎంత బాగుండును. ఆవిడ కూడా ఆ మాటే కావాలన్నట్టు చూస్తోంది. ఆ నోటికి ఇప్పుడు అబద్ధం రాలేదు.

"లేదు" అన్నాడు.

"చూసినవాళ్ళు లేరు. నాకూ గుర్తు లేదు. ఇంకెందుకూ." ఆ మనిషి భార్య వైపు చూశాడు. "రేపు వెళ్ళి మేనేజరుతో చెప్పు, తప్పు నాదేనని ఒప్పుకుంటానన్నాడని. గేటు దగ్గర కుర్చీ ఇస్తానన్నాడుగా."

ఆవిడ సూదిని చొక్కాకు గుచ్చి పక్కన పెట్టింది. డాక్టరు బయల్దేరితే అతని వెనకాలే గుమ్మందాకా వచ్చింది.

"ఎంతమంది వచ్చి చెప్పినా ఒప్పుకోని మనిషండీ ఈయన" అంది. గొంతులో కోపం కూడా లేదు. "మీరొచ్చి ఒప్పించారు."

లోపల నుంచి ఆ మనిషి కేకేస్తున్నాడు, ఆయనకి మంచినీళ్ళయినా ఇచ్చావుటే, అని.